పెట్టె ఆపొద్దు

"దీన్ని ఆపాల్సిన పనే లేదు సుప్రజా. అదంతకదే నిద్రపోతాది, మీ అమ్మ మాదిరి. గురక ఒకటే తక్కువ."

టీవీ వెనక వేలాడుతున్న చిన్న పెట్టెను చూపిస్తూ అన్నాడు నారాయణ. మంచం మీదున్న అక్క రామేశ్వరమ్మ నవ్వలేదు. ఆమెకు గుండె ఆపరేషన్ అయింది. మనసుకు కష్టం కలగకుండా చూసుకోండని డాక్టర్ చెప్పినప్పటి నుంచి నారాయణ వారం వారం నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు వచ్చి ఆమెను నవ్వించాలని చూస్తున్నాడు.

ఆమె కూతురు సుప్రజ పెట్టె మీద చెయ్యి పెట్టి చూసింది. వేడిగా ఉంది. రాత్రీ పగలూ ఇట్లాగే వదిలేస్తే కాలిపోతుందని, ఇక చాలని మామతో వాదించింది. అది కరెంటు పెద్దగా తినదని, ఆపితే మళ్లీ అన్నీ మొదటి నుంచి పెట్టుకోవాలని నారాయణ ఏవేవో చెప్పాడు.

ఆ పెట్టెతో టీవీలో నెట్ సినిమాలు పెడితే, ఇంట్లో అందరిదీ ఒకే ఖాతా కాబట్టి, తెర మీద ఇంట్లోవాళ్ల పేర్లు వరసగా ఉంటాయి. 'సందీప్' అన్న పేరు నొక్కితే, అతను ఎక్కడున్నా సరే, ఏ సినిమా ఎంతవరకు చూశాడో కనిపిస్తుంది. పెళ్లి విషయంలో గొడవపడి హైదరాబాద్ వెళ్లిపోయిన కొడుకు జాడ రామేశ్వరమ్మకు అదొక్కటే. ఫోన్ చేస్తే మోగుతుంది, ఎత్తడు. ఆపరేషన్‌కూ రాలేదు. అలక తీరితే వస్తాడని నారాయణే సర్దిచెప్పాడు. మొదట్లో ఆ పేరు కింద కొత్త సినిమా కనిపిస్తే చాలు, ఆ పూట ఆమె నాలుగు ముద్దలు ఎక్కువ తినేది.

ఇప్పుడూ నొక్కింది. కామెడీ సినిమా, సగం వరకు.

"చూస్తివా నారాయణా. తల్లికి గుండె కోసి కుట్టినా రానోడు, ఆడ కూర్చోని నగుతాండాడు."

"చూడనీలేక్కా. చిన్నప్పుడు అన్నం గూడా సగమే తినేటోడు."

"నీ ఎకసెక్కాలు చాలు. నా ఫోన్ ఎత్తనీక లేని తీరిక, సినిమాలకు యాడిది వానికి?"



"నేను అప్పుడే ఆపేయమంటి గదా మామా" అంది సుప్రజ మెల్లగా.

రామేశ్వరమ్మ రిమోట్‌ను పక్కకు విసిరింది.

"వాని పేరు ఈ ఇంట్లో కనపడకూడదు. రేపు నేను పోతే, కొరివి పెట్టనీక గూడా వాన్ని పిలవొద్దు."

నారాయణ వంగి, పెట్టె వైరు పీకేశాడు.

నంద్యాల బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాక, సంచిలోంచి రెండో ఫోన్ తీశాడు. ఎత్తని కాల్స్ అన్నీ అక్కవే. వాటిని పక్కకు తోస్తే, కింద కామెడీ సినిమా సగంలో ఆగి ఉంది.

సందీప్‌కు కొరివి పెట్టింది అతనే.