కూర్చునే చోటు

"బెంచీ ఇక్కడ పడితే పెద్దవాళ్లకు ఎంతో మేలండీ," అంది వీధి సంఘం కార్యదర్శి, తన గేటు ముందు నిలబడి.

వీధుల బాగు కోసం మున్సిపాలిటీ ఇచ్చే నిధిలోంచి బెంచీ అడిగింది ఆమే. చోటు చూసి మంజూరు చేయడానికి ఇంజనీరు వచ్చాడు.

"ఎవరికమ్మా అంత అవసరం?"

"అదిగో, మా టీచరమ్మగారికే. ఈ ఎత్తు ఎక్కలేక ఆయాసపడుతుంటారు."

రిటైరైన టీచరమ్మ కూరల సంచితో మెల్లగా ఎక్కి వచ్చింది.

"ఇన్నాళ్లూ ఎక్కడ కూర్చునేవారమ్మా?" అడిగాడు ఇంజనీరు.

టీచరమ్మ చూపు కార్యదర్శి ప్రహరీని ఆనుకున్న అరుగు మీదికి పోయింది. ఇప్పుడక్కడ ఈ చివరి నుంచి ఆ చివరికి పూలకుండీలే. దారినపోయేవాళ్లు చేరి కబుర్లాడుతున్నారని పోయిన వేసవిలో కార్యదర్శే పెట్టించింది.

కార్యదర్శి గబుక్కున కుండీలకు అడ్డంగా జరిగింది. టీచరమ్మ నిజం చెబితే, బెంచీ మాట దేవుడెరుగు, తన మొహం ఎక్కడ పెట్టుకోవాలి?

"కూర్చుంటే మళ్లీ లేవొద్దూ నాయనా?" నవ్వింది టీచరమ్మ. "ఇక్కడ నిలబడి పూలు చూస్తుంటాను. నాకు పూలపిచ్చి అనుకుంటారంతా."

ఇంజనీరు కూడా నవ్వి, చోటు ఖాయం చేసుకుని వెళ్లిపోయాడు.

"టీచరుగారూ..." కార్యదర్శి తల ఎత్తలేకపోయింది.

"ఆ చివరి కుండీకి నీళ్లు చాలడం లేదమ్మా. రోజూ చూస్తున్నాగా, వాడిపోతోంది."

కార్యదర్శి వంగి, ఆ కుండీని రెండు చేతులతో ఎత్తి కింద పెట్టింది. పమిటతో అరుగు తుడిచింది.