రేకు డబ్బాలో మట్టిపిట్ట

నార్కట్‌పల్లి బస్టాండులో కూర్చుని రూప చేతిలోని కాగితం మీది ఇంగ్లిష్ సూత్రాలు నాలుగోసారి పైకే వల్లె వేసింది. ఇన్ ఎక్కడ, ఆన్ ఎక్కడ, యాట్ ఎక్కడ. చూసి చదివితే వస్తోంది, కాగితం మడిస్తే పోతోంది.

కరోనాకు మూతపడ్డ ఓ ప్రైవేటు బడి మళ్లీ తెరుస్తున్నారు. ఇంగ్లిష్ టీచరు ఉద్యోగం ఒక్కటే ఉంది. దానికోసం ఇవాళ ఐదో తరగతి పిల్లలకు పాఠం చెప్పి చూపించాలి. ఇంతకుముందు రెండు బళ్లలో ఇలాగే నిలబడి, నోరు పెగలక తిరిగొచ్చింది.

తల్లి ఫోన్ చేసింది.

"మళ్ల తెరుస్తున్న గీ బడిల కొలువు గిట్ట పోతే రేపటిసంది నీ ఎంబడి పత్తి ఏరనీకె వస్తనమ్మా," అంది రూప.

పక్కనున్న పెద్దమనిషి తల తిప్పాడు. చొక్కా ఇస్త్రీదే గానీ, జుట్టునిండా దూది పింజలు. పత్తి మిల్లు కూలీ అనుకుంది.

"సూత్రాలు చెప్తే పిల్లలు నిద్రపోతరు బిడ్డా," అన్నాడాయన.

నీకెందుకన్నట్టు చూసి రూప దూరం జరిగింది. ఆయన నొచ్చుకోలేదు. సంచిలోంచి రేకు డబ్బా, అందులోంచి మట్టిపిట్ట తీశాడు. పిట్టను డబ్బాలో పెట్టి ఇన్ అన్నాడు. మూత మీద పెట్టి ఆన్ అన్నాడు. గేటు దగ్గర నిలబడ్డ ముసలామెను చూపించి యాట్ అన్నాడు.

"యాడుందో నువ్వు చెప్పకు. వాళ్లనే చెప్పనియ్యి."

బస్సు వచ్చింది. ఆయన లేవబోయి, ఆమె ముఖం చూసి ఆగిపోయాడు. డబ్బా ఆమె చేతిలో పెట్టాడు.

"గిది యాడ దొరికింది నీకు?" అంది రూప. చెత్తలో ఏరాడేమో అన్నట్టే అడిగింది. తీసుకుని బస్సెక్కింది. ఆయన ఎక్కలేదు, తనది వేరే బస్సన్నాడు.

తరగతిలో ఎప్పటిలాగే వల్లె వేసిందంతా మరిచిపోయింది. చేసేది లేక డబ్బా తెరిచి పిట్టను తీసింది.

ఎవరూ చెప్పకుండానే పిల్లలంతా కళ్లు మూసుకున్నారు.

"జల్ది దాచుండ్రి టీచర్," అంది కరుణ అనే పిల్ల, కళ్లు తెరవకుండానే.

రూప కిటికీ మీద పెట్టింది, బ్యాగులో దాచింది, తలుపు దగ్గర నిలబెట్టింది. ఎక్కడుందో ఇంగ్లిష్‌లో పిల్లలే చెప్పారు. గంట కొట్టేదాకా ఆమెకు భయమే గుర్తు రాలేదు.

"గిది మా ఏసోబు సార్ పిట్ట. సార్ ఎప్పుడొస్తడు టీచర్?" అంది కరుణ.

హెడ్మిస్ట్రెస్ నిర్మలమ్మ రూపను వరండాలోకి పిలిచి, ఉద్యోగం నీదేనంది.

"ఏసోబు సార్ అంటే ఎవరు మేడమ్?"

"పదకొండేండ్లు గీ బడిలనే చెప్పిండమ్మా. బడి బందైనంక మిల్లుల మూటలు మోస్తున్నడు."

రూపకు బస్టాండులో తాను అడిగిన మాట గుర్తొచ్చింది. సిగ్గుతో తల వంచుకుంది. ఆయనతో ఒక్కసారి మాట్లాడిస్తారా అని అడిగింది.

"ఇప్పుడు చేస్తే ఎత్తుతలేడు," అంది నిర్మలమ్మ. "ఇయ్యాల పాఠం చెప్పనీకె పిలిచింది నిన్నూ ఆయననూ, మీ ఇద్దర్నే. 'నేను రాను, మా పిల్లలకు టీచరు బస్సెక్కింది' అని పొద్దుగాల ఆయనే నాకు ఫోన్ చేసి చెప్పిండు."