ఓడిలోన్ చేతి జిగురు

“క్లించర్ టైర్లే. ఇక మాట్లాడకు,” అన్నాడు ఓడిలోన్.

“మాట్లాడతాను. పందెం రోజు ఆ బురదలో సైకిలు తొక్కేది నేను, నువ్వు కాదు,” అంది కూతురు ఎల్కె.

సోమవారం మొదలైన గొడవ శనివారం రాత్రి భోజనం దాకా వచ్చింది. బల్ల మీద వేయించిన బంగాళాదుంప ముక్కలు చల్లారిపోతున్నాయి. వాటి మీద చెయ్యి వేస్తున్నది నాయనమ్మ మెలానీ ఒక్కతే.

“మన ఫ్లాండర్స్ బురద నీకు తెలియనిదా నాన్నా? క్లించర్‌లో గాలి తగ్గించి రాయెక్కితే లోపలి ట్యూబు రిమ్ముకీ రాయికీ మధ్య నలిగి చిరుగుతుంది. గాలి ఎక్కువ పెడితే మలుపులో జారిపోతుంది. అదే రిమ్ముకి జిగురుతో అంటించే ట్యూబులర్ టైరుని మెత్తగా పెట్టుకోవచ్చు. నేలని పట్టుకుని పోతుంది. ఇదంతా నాకు నేర్పిందెవరు?”

“నేనే. ఇప్పుడు తప్పంటున్నాను. క్లించర్ అంచు రిమ్ము గాడిలో కూర్చుంటుంది. దానికి ఎవరి జిగురూ అక్కర్లేదు. పంక్చరైతే విప్పి అతుకు వేసుకుంటావు.”

“పందెం మధ్యలో కూర్చుని అతుకు వేసుకోవాలా? అంతలో నాయనమ్మ కూడా నన్ను దాటిపోతుంది.”

“దాటుతానే,” అంది మెలానీ ముక్క నములుతూ. “ఈ మోకాలు కాస్త ఒప్పుకుంటే ఇవాళే దాటేదాన్ని.”

ఎవరూ నవ్వలేదు. ఓడిలోన్ భార్య మారియెట్ పొయ్యి దగ్గర అటు తిరిగి నిలబడి ఉంది.

ఒకప్పుడు చుట్టుపక్కల ఊళ్ల నుంచి పందెపు చక్రాలన్నీ ఈ ఇంటికే వచ్చేవి. ఓడిలోన్ కొత్త ట్యూబులర్‌ని ముందు జిగురు లేని ఉత్త రిమ్ముకి తొడిగి, గాలి బిగించి, సాగేదాకా నేలమాళిగలో వేలాడదీసేవాడు. తర్వాత విప్పి రిమ్ముకో పూత, టైరుకో పూత వేసేవాడు. అది ఆరాక మళ్లీ పూత. అతను అంటించిన టైరుని ఊడదీయాలంటే ఇద్దరు మనుషులు కావాలని చెప్పుకునేవారు.

కిందటి ఏడాది నవంబరులో కొడుకు వాన్నెస్ పందెంలో ఏటవాలు మలుపు తిరుగుతుంటే ముందు టైరు రిమ్ము మీంచి ఊడి పక్కకు పొర్లింది. తల కంచె గుంజకి కొట్టుకుంది. ఆస్పత్రి దాకా కూడా ప్రాణం నిలవలేదు.

ఆ సాయంత్రమే ఓడిలోన్ అందరి ముందూ ఒప్పుకున్నాడు, తన జిగురే పట్టలేదని. ఆ తర్వాత ఈ గుమ్మంలోకి ఒక్క చక్రమూ రాలేదు. అతను కాఫీ దుకాణంలోకి అడుగుపెడితే మాటలు ఆగిపోయేవి. మారియెట్ ఆ రోజు నుంచి కొడుకు గదిలోనే పడుకుంటోంది.

“పోనీ నువ్వు ముట్టుకోకు,” ఎల్కె గొంతు తగ్గించింది. “నాకు నేర్పు, నేనే అంటించుకుంటాను. కొత్త జత తెచ్చాను. ఇవాళే సాగదియ్యడానికి పెడదాం. నేను కాలేజీకి పోయినప్పుడు అమ్మ చూసుకుంటుంది. ఏది సాగుతున్నదో, ఏది అంటించిందో అమ్మకీ చూపిద్దాం...”

“వద్దు!”

ఓడిలోన్ బల్ల మీద చరిచిన చరుపుకి పళ్లేలు అదిరాయి. మెలానీ చేతిలో ముక్క జారిపడింది.

“మీ అమ్మని ఇందులోకి లాగకు,” అన్నాడు మెల్లగా.

మారియెట్ ఇటు తిరిగింది.

“లాగితే ఏం? నేనెప్పుడో ఇందులో ఉన్నాను. ఆ చక్రాన్ని నా ఏప్రన్‌తో తుడిచి మరీ ఇచ్చాను వాడికి. ‘అమ్మా, ఇంకాసేపట్లో బురదలో పొర్లే దానికి స్నానమెందుకే’ అన్నాడు. నవ్వాడు. వాడు నీ జిగురుని నమ్మాడు ఓడిలోన్. నేనూ నమ్మాను.”

“అవును.”

“ఊళ్లో ఎవడి టైరూ ఊడలేదు. నా బిడ్డదే ఎందుకు ఊడింది? ఏం చేశావు ఆ రోజు? తాగి ఉన్నావా?”

“వాడు తాగడు మారియెట్. ఆ మాట అనకు,” అంది మెలానీ. కొడుకు వైపు తిరిగింది. “ఒరే, నీ చేతి పని నాకు తెలుసు. నువ్వు తప్పు చేశావంటే నేనైతే నమ్మనురా.”

“నమ్మమ్మా,” అన్నాడు ఓడిలోన్. బతిమాలుతున్నట్టుంది ఆ గొంతు. “తొందరపడ్డాను. ఒక పూత తక్కువ వేశాను. అంతే.”

“అంతే!” అంది మారియెట్. మళ్లీ పొయ్యి వైపు తిరిగిపోయింది. ఆమె భుజాలు కదులుతున్నాయి. ఓడిలోన్ లేవబోయాడు. లేస్తే ఏం చెయ్యాలో తెలియక కూర్చుండిపోయాడు.

ఎల్కె తన పళ్లెం పక్కకి జరిపింది. “సరే నాన్నా. క్లించర్లే వేసుకుంటాను. గెలవను, అంతేగా.”

అతను కూతురి చేతి మీద చెయ్యి వేశాడు. తర్వాత ముగ్గురికీ వినబడేలా, నెమ్మదిగా చెప్పాడు.

“రేపు నేలమాళిగ ఖాళీ చేస్తున్నాను. జిగురు డబ్బాలు, పాత రిమ్ములు, ట్యూబులర్లు, అన్నీ పారేస్తాను. ఈ ఇంట్లో ఇక ఎవరూ టైరు అంటించరు. ఎలా అంటిస్తారో ఎవరూ నేర్చుకోరు.”

“పారెయ్,” అంది మారియెట్, ఇటు తిరక్కుండానే.

కొడుకు పడ్డచోట తన చేతికందిన రిమ్ము మీద ఒక్క పూత జిగురు కూడా లేదనీ, తను అంటించిన చక్రం నేలమాళిగలోనే ఉండిపోయిందనీ, సాగడానికని ఉత్తినే తొడిగి పెట్టిన పక్క చక్రాన్ని ఆ ఉదయం తుడిచి తెచ్చిచ్చింది మారియెట్ అనీ ఓడిలోన్‌కి ఒక్కడికే తెలుసు.