కుడిగట్టు

"ఆ కాగితం ఆఫీసరుకి ఇవ్వబాకమ్మా."

భవ్య తలెత్తి చూసింది. ఎవరో ముసలాయన.

రేపల్లెలో ఆఫీసు వరండా. బెంచీ మీద ఆమె ఒళ్లో ఫైలు తెరిచే ఉంది. పై కాగితం ఆయన పక్కనుంచి చదివేశాడు. అడక్కుండానే.

"ఎందుకు తాతగారూ?"

"అందులో కుడిగట్టు అనుందిగా."

"ఉంటుంది మరి. మావాళ్లది కుడిగట్టే."

మావాళ్లు అంటే కాలవ గట్టు మీద పదకొండు ఇళ్లవాళ్లు. ఒకప్పుడు వాళ్ల పెద్దలు సరుకు పడవలకి తాడు కట్టి, గట్టు మీద నడుస్తూ లాగేవాళ్లు. పడవలు ఆగిపోయాయి. మనుషులు అక్కడే ఉండిపోయారు.

ఇప్పుడు ఆ ఇళ్లు ఆక్రమణలని నోటీసులు వచ్చాయి. పడవల కాలం నుంచీ అక్కడే ఉన్నామని చూపిస్తే ఇళ్లు ఉంటాయి. లేకపోతే తీసేస్తారు. ఇవాళే ఆఖరి విచారణ.

భవ్యది తెనాలి. ఎమ్మే హిస్టరీ. పడవలంటే పిచ్చి. మూడు నెలలు తిరిగి తిరిగి, ఎవరింటి అటక మీదో పడవలు దాటించే లాకు దగ్గరి గుమాస్తా రాసుకున్న పాత పుస్తకం పట్టుకుంది. అందులో ఒకే ఒక్క వాక్యం.

'పడవలు లాగువారు లాకుకు దిగువన కుడిగట్టున గుడిసెలు వేసుకొని యున్నారు.'

అటక దిగకుండానే నాగలక్ష్మికి ఫోన్ కొట్టింది. ఆ పదకొండు ఇళ్లకీ పెద్దదిక్కు నాగలక్ష్మి.

"పిన్నీ, మనది కుడిగట్టేగా?"

"కుడిగట్టే. నేను పుట్టినకాడ్నించీ అదే అంటన్నాం. ఏంటే, అంత ఆయాసపడతన్నావు?"

ఇంకేం కావాలి?

"కుడిగట్టేనమ్మా," అన్నాడు ముసలాయన. "కాకపోతే అది మా కుడి. ఆఫీసోళ్ల కుడి కాదు."

"కుడిలో మీ కుడి, వాళ్ల కుడి ఏంటండీ?"

"వాళ్లు నీళ్లు పోయే వైపు తిరిగి చెబుతారు. మేం నీళ్లకి ఎదురు తిరిగి చెబుతాం. లాకు గుమాస్తా కూడా మా మాటే రాసేవాడు. దిగువకి పోయేటప్పుడు పడవలో కూర్చునేవాళ్లం. ఎగువకి లాగేటప్పుడేగా గట్టు మీద నడిచేది! నడిచేవాడికేగా కుడీ ఎడమా!"

భవ్య నవ్వేసింది.

"భలే ఉంది తాతగారూ. తర్వాత రాసుకుంటా."

"తర్వాతెందుకు? నన్ను లోపలికి తీసుకెళ్లు. నేను చెబుతా."

"మీరెవరండీ?"

"తాడు లాగినోణ్ణి. ఈ విచారణ సంగతి పేపర్లో చూసి బాపట్ల నుంచి వచ్చా."

ఈ మూడు నెలల్లో ప్రతి ఊళ్లోనూ నలుగురు ముసలివాళ్లు తాము తాడు లాగామనే చెప్పారు. ఒకాయనైతే ఒంటిచేత్తో లాగానన్నాడు.

లోపల్నుంచి పిలుపు వచ్చింది. నాగలక్ష్మీ మిగతావాళ్లూ లేచారు.

"ఇళ్లవాళ్లనీ, కాగితాలు తెచ్చిన నన్నూ మాత్రమే రానిస్తారండీ. మీరు కూర్చోండి," అని భవ్య వాళ్ల వెనకాలే పరిగెత్తింది.

లోపల వేరే కేసులన్నీ అయ్యి వాళ్ల వంతు వచ్చేసరికి రెండు గంటలు పట్టింది.

ఆఫీసరు కాగితం రెండుసార్లు చదివాడు. మ్యాపు విప్పాడు.

"ఇది మీరిచ్చిందేనా?"

"అవునండీ!" అంది భవ్య.

"మీ ఇళ్లున్నది ఎడమగట్టమ్మా. దీని ప్రకారం మీ పెద్దలున్నది అవతలి గట్టున. అంటే ఇవతలికి తర్వాత వచ్చారు. మీ కాగితమే చెబుతోంది."

భవ్య మ్యాపు మీదికి వంగింది.

"కాదు సార్! వాళ్ల కుడి వేరు సార్! నీళ్లకి ఎదురు తిరిగి చెబుతారు సార్!"

"ఎవరు చెప్పారు?"

"బయట... ఒకాయన."

"పిలవండి. ఈ ఇళ్లవాళ్లు కాకుండా, అప్పట్లో అక్కడ ఉన్న మనిషి ఒక్కడు నోటితో చెప్పినా రాసుకుంటా. ఐదింటికి ఫైలు పంపెయ్యాలి."

గోడ గడియారంలో నాలుగున్నర.

వరండాలో బెంచీ ఖాళీగా ఉంది.

గేటు దగ్గర టీకొట్టామె గ్లాసులు కడుగుతోంది.

"అక్కా, ఇక్కడ ఒక ముసలాయన కూర్చున్నాడు. చూశారా?"

"ఇంతసేపూ ఆ బెంచీ మీదే ఉన్నాడు పాపా. టీ ఇచ్చినా తాగలా. ఇప్పుడే బాపట్ల బస్సుకని వెళ్లాడు. మళ్లీ బస్సు లేదంట."

"ఫోన్ ఉందా ఆయనకి?"

"ఏమో, నేను చూళ్లా."

భవ్య బస్టాండు దాకా పరిగెత్తింది. బస్సు వెళ్లిపోయింది.

ఐదింటికి ఫైలు కూడా వెళ్లిపోయింది.

పదకొండు ఇళ్లవాళ్లూ గేటు బయట నిలబడ్డారు. ఒకతను చెయ్యి చాచి కుడివైపు చూశాడు, వెనక్కి తిరిగి మళ్లీ చూశాడు.

"ఎవరే ఆయన?" అంది నాగలక్ష్మి.

"తెలీదు పిన్నీ. పేరు కూడా అడగలేదు."

"సింగయ్య అన్నాడు," అంది టీకొట్టామె. "మీలో నాగలక్ష్మంటే ఎవరని కూడా అడిగాడు. పుట్టిన రోజున ఎత్తుకున్నానన్నాడు."

నాగలక్ష్మి బస్టాండు వైపు చూసింది.

"మా అమ్మకి నొప్పులొచ్చిన రోజు ఒకటే వానంట, తల దాచుకోను చోటు లేకపోతే, ఆ గట్టు మీద అప్పటికున్న ఒకే ఒక్క గుడిసె మాకొదిలేసి, తను పడవలో తడుస్తా పడుకున్నాయన పేరు సింగయ్యేనమ్మా."