హరీష్ స్క్రీన్ మీద

ఇక పంతం చాలనుకుని జ్యోతి ల్యాప్‌టాప్ తెరిచింది. ఆదివారం పెళ్లిచూపులు. ఆలోపు హరీష్ దగ్గర అవునో కాదో తేల్చుకోవాలి.

ఇద్దరూ దిల్‌సుఖ్‌నగర్‌లో ఒకే కోచింగ్ సెంటర్లో చదివారు. ఎక్కడో ఉన్న కంప్యూటర్‌ని ఇక్కణ్నుంచే చూస్తూ నడిపించే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఒకటి అప్పట్లో హరీషే ఆమె ల్యాప్‌టాప్‌లో వేశాడు. హాస్టల్లో ఆమె ప్రోగ్రాం ఎక్కడైనా చిక్కుకుంటే, మన్సూరాబాద్‌లో తన ఇంట్లో కూర్చునే సరిచేసేవాడు. చేసి ఊరుకునే రకమా? ఆమె మౌస్‌ని కాసేపు ఇష్టమొచ్చినట్టు తిప్పి, నోట్‌ప్యాడ్‌లో నాలుగు మాటలు రాసి ఉడికించి గానీ వదిలేవాడు కాదు.

అంతా బాగానే ఉండేది. హరీష్ తండ్రి యాదగిరే ససేమిరా అన్నాడు. చర్చికి పోయే పిల్ల తన ఇంటి కోడలు కావడానికి వీల్లేదన్నాడు. తండ్రికి ఎదురు చెప్పే దమ్ము లేదా అని ఎల్బీనగర్ మెట్రో స్టేషన్ కింద జ్యోతి హరీష్‌ని కడిగేసింది. అతను బండెక్కి విసురుగా వెళ్లిపోయాడు. నెలవుతోంది. ఫోన్ స్విచాఫ్. ఎవరినైనా అడుగుదామంటే, వీళ్ల సంగతి ఆ ఇంట్లోవాళ్లకు తప్ప బయట ఎవరికీ తెలియదు.

కనెక్ట్ నొక్కింది. అవతల ఒప్పుకుంటేనే స్క్రీన్ కనిపిస్తుంది. చాలాసేపు ఏమీ రాలేదు. తర్వాత వచ్చింది.

బాలాపూర్ లడ్డూ వేలంలో, ఒళ్లంతా గులాలుతో పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతున్న హరీష్ ఫోటో. తన ఫోటోలు తనే చూసుకుంటున్నాడు, సోకులరాయుడు అనుకుంది. ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

నోట్‌ప్యాడ్ తెరిచి గబగబా కొట్టింది. "మా ఇంట్ల సంబంధం చూసిన్రు. నీకోసం ఆగాల్నా?"

జవాబు ఒక్కో అక్షరమే పడుతోంది. ఎంత కోపముంటే అంత బెట్టు!

"ఆగకు."

"మీ బాపుకు ఇంకొక్కసారి చెప్పి చూడరాదు?" అని బతిమాలింది.

"బాపుదే తప్పు. నీ తప్పేం లేదు. మంచోడైతే చేసుకో."

ఇప్పుడు కూడా తండ్రి మీదికే నెట్టడం! ఆ కింద 'బి' అని ఏదో మాట మొదలై, చెరిగిపోయింది. ఇంకేమీ రాలేదు.

పిరికివాణ్ని ప్రేమించినందుకు తన్ను తనే తిట్టుకుంది జ్యోతి. కనెక్షన్ తెంపేసి, దిండులో మొహం దాచుకుని వెక్కివెక్కి ఏడ్చింది. చివరికి అమ్మకు ఫోన్ చేసి, పెళ్లిచూపులకు వాళ్లను రమ్మనమంది.

మన్సూరాబాద్‌లో, హరీష్ మొదటి మాసికానికి అయ్యగారొచ్చి కూర్చున్నాడని భార్య పిలుస్తున్నా, యాదగిరి ఆ కీబోర్డు మీంచి చేతులు తీయలేకపోయాడు.