తాలిబ్ ఇల్మ్

"మీ అబ్బాయేనో కాదో సరిగ్గా చూసి చెప్పండి" అన్నాడు ఎస్సై.

గుడ్డ కప్పిన శవానికి నాలుగడుగుల దూరంలో బాలకిషన్‌రావు ఆగాడు. ఇచ్చోడ అవతల అడవిలో కాల్పులు జరిగాయనీ, చనిపోయింది దయాకర్ కావచ్చనీ పొద్దున్నే కబురొచ్చింది. దారి పొడవునా ఆయన మొక్కని దేవుడు లేడు. కొడుకు కోసం పోలీసులు రెండేళ్లుగా ఇల్లు సోదా చేస్తూనే ఉన్నారు. దొరికితే ప్రాణంతో కోర్టు మెట్లెక్కడని ముఖానే చెప్పారు.

"ఏం చేసేవాడు?"

"తాలిబ్ ఇల్మ్" అన్నాడు అలవాటు కొద్దీ. కోస్తా నుంచి వచ్చిన ఎస్సై తెల్లముఖం వేశాడు. "అంటే, కాలేజీల సదువుకుంటుండె సార్."

నైజాం కాలంలో ఉర్దూలో చదివిన మనిషి. కొడుకు కరీంనగర్ కాలేజీలో చేరిన రోజు మీసం దువ్వుతూ పాఠం చెప్పాడు. "తాలిబ్ అంటే అరబ్బీల అడిగేటోడు, దేవులాడేటోడు. ఇల్మ్ అంటే విద్య. మన విద్యార్థి గూడ గదే. అడగాలె కొడుకా, అడగనోడు తాలిబ్ గాడు!"

కొడుకు అడిగాడు. "బాపూ, మన జీతగాళ్లు గడీ ముందట చెప్పులు చేతుల పట్టుకొని ఎందుకు నడుస్తరు?" అదీ నలుగురిలో. బాపు చెంప పగలగొట్టాడు. ఆ వారమే దయాకర్ నక్సలైట్లలో కలిసి అడవి పట్టాడు. తను నేర్పిన మాటే తన కొంపకు చిచ్చయిందని ఆయన కుమిలిపోని రోజు లేదు.

గుడ్డ తీశారు. ముఖం గుర్తుపట్టేలా లేదు. అదే ఈడు, అదే ఒడ్డూ పొడుగూ. ఆయన పాదాల దాకా చూశాడు. పట్టరాని ఏడుపు తన్నుకొచ్చింది. పక్కన భార్య జానకీబాయి ఏదో అనబోయింది.

"మనోడే, జానకీ. ఏడువు" అన్నాడు.

ఆమె భర్త కళ్లలోకి చూసింది. తర్వాత గుండెలు బాదుకుంటూ శవం మీద పడింది.

ఎస్సై టోపీ తీశాడు. "ఇక మీ గడప తొక్కం పెద్దాయనా. మీవాడి కోసం వెతకడం ఇవాళ్టితో సరి."

పక్కనున్న వాగు ఒడ్డున చితి పేర్చారు. గోత్రం అడిగితే బాలకిషన్‌రావు తన గోత్రమే చెప్పాడు. నిప్పు పెట్టాడు. అందరూ వెనుదిరిగాక మంటకు చేతులు జోడించాడు.

"నీ పాదాలు మావోనియి గావు, నువ్వు ఎవల బిడ్డవో ఎర్కలేదు కొడుకా, నీ అవ్వ ఇంకా నీ తొవ్వ చూస్తుంటది, మాఫ్ చెయ్యి."