గోడకేసి నవ్వినవాడు

“నవ్వాడు! గోడకేసి చూసి నవ్వాడు! నా కళ్ళతో నేను చూశాను!” అని తల్లి కేక పెట్టేసరికి ఇల్లంతా ముందుగదిలోకి పరుగెత్తుకొచ్చింది.

నేరస్తుడి వయసు ముప్పై రెండు. బైండింగు షాపులో పుస్తకాలకు అట్టలు వేస్తాడు. ఇంట్లో మాత్రం ఇప్పటికీ బుజ్జిగాడే. స్కిజోఫ్రీనియా అన్న మాట ఆ ఇంట్లో అడుగుపెట్టి రెండేళ్ళయింది. బుజ్జిగాడి చెవిలో లేనిపోని గొంతులు వినిపించడం ఆగి ఎనిమిది నెలలయింది. లేని గొంతులైతే మందులకు లొంగాయి. ఉన్న గొంతులకే ఇంకా మందు దొరకలేదు.

“ఎందుకు నవ్వావు? నిటారుగా నిలబడి చెప్పు!” అన్నాడు తండ్రి. ఆయన రిటైరైన డ్రిల్లు మాస్టారు.

“నిన్న షాపుకి వంటల పుస్తకం ఒకటి వచ్చింది నాన్నా. ‘నూరు రకాల వంటలు’ అని ఉండాల్సిందానికి ‘నూరు రకాల మంటలు’ అని అచ్చేశారు. నాలుగొందల అట్టలు అతికించేదాకా ఎవరూ చూసుకోలేదు. అది గుర్తొచ్చి నవ్వొచ్చింది.”

తల్లీ, తండ్రీ, అన్నా ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఇంకో ఇంట్లో అయితే ఇది జోకు. ఈ ఇంట్లో రోగలక్షణం.

“మంటలంటున్నాడు!” తల్లి గుండె మీద చెయ్యేసుకుంది.

“అగ్గిపెట్టెలు దాచెయ్యండి,” అన్నాడు అన్న. ఆయన ఆఫీసులో సూపర్‌వైజరు. ఇంటికొచ్చాక కూడా డ్యూటీ దిగడు. “నేను మొదట్నించీ మొత్తుకుంటూనే ఉన్నా. జబ్బూ లేదు గిబ్బూ లేదు, ఒళ్ళు వంచలేక వేషాలు!”

“నాలుక చాపు నాన్నా,” అంది తల్లి, మాత్ర మింగాడో లేదో చూడడానికి. బుజ్జిగాడు చాపాడు. పొద్దున్నించి అది మూడోసారి.

ఒక్క అరుపు అరవాలనిపించింది వాడికి. అరిస్తే ముదిరిందంటారు. ఊరుకుంటే మాట పడిపోయిందంటారు. నవ్వితే ఏమవుతుందో ఇప్పుడే చూశాడు. అందుకని చెప్పులు వేసుకుని తనే ముందు నడిచాడు, డాక్టరు దగ్గరికి.

“ఎలా ఉన్నావు?” అని అడిగింది డాక్టరమ్మ.

“నిద్రపోడండీ,” అంది తల్లి.

“క్రమశిక్షణ సున్నా,” అన్నాడు తండ్రి.

“బద్ధకమండీ, అచ్చమైన బద్ధకం,” అన్నాడు అన్న.

“నేనడిగింది ఇతన్ని.”

“అవునమ్మా, వాడి తరఫునే కదా చెబుతున్నాం!” అంది తల్లి.

డాక్టరమ్మ ముగ్గుర్నీ బయట కూర్చోబెట్టి తలుపు వేసింది. తప్పెవరిదన్న చర్చ తలుపు సందులోంచి లోపలికి రావడానికి అర నిమిషం పట్టలేదు.

“గొంతులు మళ్ళీ వినిపిస్తున్నాయా?”

“మూడు వినిపిస్తున్నాయి డాక్టరుగారూ. ఇప్పుడు కూడా. మీకూ వినపడుతున్నాయి కదా?”

డాక్టరమ్మ ఫక్కున నవ్వింది. బుజ్జిగాడు మాత్రం నవ్వలేదు.

“నిద్ర పట్టట్లేదండీ. ఊపిరాడుతోందో లేదోనని అమ్మ గంటకోసారి ముక్కు దగ్గర వేలు పెడుతుంది. కళ్ళు తెరిస్తే, ఎందుకు మేలుకున్నావని ఏడుస్తుంది. పోయినసారి కూడా ముందు పోయింది నా నిద్రే. ఆ తర్వాతే అవన్నీ వచ్చాయి. మళ్ళీ వస్తాయేమోనని భయంగా ఉంది.”

“మాత్రలు?”

“ఒక్క పూట కూడా తప్పలేదు. అదొక్కటీ నా చేతిలో ఉంది.” తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు. “షాపు మీద ఒక గది ఖాళీగా ఉంది. ఉంటానంటే ఇస్తానన్నాడు ఓనరు. ఇంట్లో అడిగే ధైర్యం లేదు.”

డాక్టరమ్మ తలుపు తీసి ముగ్గుర్నీ పిలిచింది.

“జబ్బు తిరగబెట్టలేదు. ఇంట్లో ఇలాగే ఉంటే తిరగబెడుతుంది. మీ వల్ల వచ్చిన జబ్బు కాదిది. మీకు ప్రేమ లేదనీ అనను. కానీ సగం మందు నేను రాసేది, మిగతా సగం మీరు మాట్లాడేది. షాపు మీద గది ఒకటి ఖాళీగా ఉందట, కొన్నాళ్ళు ఇతన్ని అందులో ఉండనివ్వండి. వారం వారం నా దగ్గరికి వస్తాడు. ఆదివారం మీరు వెళ్ళి ఓ గంట కూర్చుని రండి. జబ్బు ఊసు తప్ప ఏదైనా మాట్లాడండి.”

“మరింకేం మాట్లాడతాం?” అంది తల్లి దిగులుగా.

అన్న మాత్రం బల్ల గుద్దాడు. “ఒక్కడే ఎలా ఉంటాడండీ? వారం తిరక్కుండా మళ్ళీ మీ వార్డులో తేలతాడు! నేనొప్పుకోను!”

“మీరు ఒప్పుకోనక్కర్లేదు. ఇతను ఒప్పుకుంటే చాలు,” అంది డాక్టరమ్మ.

బుజ్జిగాడు ఒప్పుకున్నాడు. ఆ గట్టిదనం తన గొంతులోదేనా అని వాడికే ఆశ్చర్యం వేసింది.

మర్నాడు పొద్దున్నే బయల్దేరాడు. తల్లి గుమ్మం దాకా ఏడ్చింది, గుమ్మం దగ్గర మరోసారి నాలుక చూసింది. పరుపుచుట్ట ముడి సరిగా లేదని తండ్రి రెండుసార్లు విప్పించి కట్టించాడు. అన్న పెట్టె ఎత్తుకుని, వీధి పొడుగునా “చూస్తాగా, ఎన్నాళ్ళుంటావో చూస్తాగా!” అని అందరికీ వినపడేలా కేకలేస్తూ వెంట నడిచాడు.

మలుపు తిరిగి ఇల్లు కనుమరుగు కాగానే కేకలు ఆగిపోయాయి. అన్న పెట్టె కింద పెట్టి, వెనక్కి ఒకసారి చూసుకుని, బుజ్జిగాడి మోచెయ్యి పట్టుకున్నాడు.

“ఒరేయ్, ఇవాళ్టి నుంచి వాళ్ళిద్దరికీ నేనొక్కణ్ణే మిగిలాన్రా... ఆ గదిలో ఇంకో పరుపు పడుతుందా?”